ఇంటి కప్పు మీద డెక్

ఉన్న ఇంటి కప్పు మీద నలుగురు కూర్చోవడానికి, తిరగడానికి వీలుగా తర్వాత వేసుకునే నేలను ఇప్పుడు రూఫ్ డెక్ అంటున్నారు. తెలుగువాళ్లకు పేరు కొత్త గాని పని కొత్తది కాదు. డాబా మీద వడియాలు పెట్టడం, మిరపకాయలు ఎండబెట్టడం, ఎండాకాలం సాయంత్రం నీళ్లు చల్లి రాత్రికి పక్కలు వేయడం, సంక్రాంతికి గాలిపటాలు ఎగరేయడం తరతరాలుగా ఉన్నవే. కొత్తదల్లా ఆ కప్పు మీద మరో పొర పరచడం. ఆ పొర టైల్సు కావచ్చు, రాతిపలకలు కావచ్చు, టేకు చెక్కో, చెక్కపొడినీ ప్లాస్టిక్‌నూ కలిపి చేసిన పలకలో, కృత్రిమ పచ్చికో కావచ్చు. దాని మీద మొక్కల తొట్లు, ఉయ్యాల, పందిరి వచ్చి చేరతాయి. తేడా చిన్నదిగానే కనిపిస్తుంది గాని డెక్‌తో వచ్చే చిక్కులన్నీ అందులోంచే పుడతాయి. ఉత్త డాబాకు కప్పూ నేలా ఒకటే. రోజూ తొక్కే చోటే వాన పడే చోటు కూడా. పగులు వస్తే కాలికి తగులుతుంది, నీళ్లు నిలిస్తే చీపురు పట్టినవాళ్లకు తెలుస్తుంది. డెక్ వేశాక నేల కనబడుతుంది, కప్పు కనబడదు. అయినా వాన కురిసేది, ఎండ కాసేది, బరువు పడేది చివరికి ఆ కనబడని కప్పు మీదే. అందుకే మంచి డెక్‌కు అసలు పరీక్ష ఒక్కటే: దాని కింద కప్పు కప్పుగానే మిగలాలి, ఎప్పుడు కావాలంటే అప్పుడు తెరిచి చూడటానికి, ఊడ్చడానికి, బాగుచేయడానికి అందాలి. బరువు లెక్క, నీటి దారి, పిట్టగోడ ఎత్తు, ఎండ, హక్కులు ఏది పరిశీలించినా ఈ సూత్రం దగ్గరికే వచ్చి ఆగుతాం.

పాత మిద్దెల పాఠం

రాయలసీమ మట్టిమిద్దె ఈ సూత్రానికి మంచి ఉదాహరణ. గోడల మీద దూలాలు, దూలాల మీద దంతెలు, వాటి మీద కట్టెలో రాతిపలకలో పరిచి, ఆకులూ గడ్డీ కప్పి, ఆ పైన చవుడు మట్టిని మందంగా పోసేవారు. చవుడు మట్టిలో ఉప్పు గుణం ఎక్కువ. తడవగానే దాని రేణువులు విడిపోయి సందులను పూడ్చేస్తాయి, దాంతో నీరు లోపలికి దిగడం కష్టమవుతుంది. వానకు కొంత మట్టి కొట్టుకుపోవడం మాత్రం ఖాయం. అందుకని తొలకరికి ముందే మిద్దె ఎక్కి గడ్డి పీకి, గుంతలు పూడ్చి, కొత్త చవుడు చల్లుకునేవారు. పంట ఎండబెట్టినా, పడుకున్నా ఆ మట్టి మీదే. నేలగా వాడుకునే పొరే కప్పుగా పనిచేసేది కాబట్టి మరమ్మతు అనేది ఏడాదికోసారి వచ్చే పండగ పనిలా సాగిపోయేది. దంగు సున్నంతో కట్టిన మేడలది కూడా కొంచెం ఇదే తీరు. మద్రాసు టెర్రస్ అని పేరుపడ్డ పద్ధతిలో టేకు దూలాల మీద సన్నటి ఇటుకలను నిలువుగా, ఏటవాలు వరసల్లో సున్నంతో పేర్చి, పైన ఇటుక ముక్కలూ సున్నమూ కలిపిన కాంక్రీటు పోసేవారు. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు చిలకరిస్తూ చెక్క బడితెలతో రోజుల తరబడి దాన్ని దిమ్మిస కొట్టేవారు. చివరికి బల్లపరుపు పెంకులు పరిచేవారు. నిజాం కాలపు హైదరాబాద్ కట్టడాల్లో ఇనుప గర్డర్ల మధ్య ఇటుక కమానులు తిప్పిన కప్పులు కూడా కనిపిస్తాయి.

ఈ కప్పులు వందేళ్లు నిలిచాయి కాబట్టి వాటి మీద ఏమైనా వేయవచ్చునని కొందరు అనుకుంటారు. అవి నిలవడానికి కారణాలు చూస్తే ఆ మాట నిలవదు. సున్నం కొద్దిగా సాగుతుంది, ఒదుగుతుంది, సన్నని పగుళ్లను కొంతవరకు తనే పూడ్చుకుంటుంది. తడిసినా ఆవిరిని పైకి వదిలి ఆరిపోతుంది. అలాంటి కప్పు మీద సిమెంటు పోసి, టైల్సు అంటించి, సందులు మూసేస్తే లోపలికి చేరిన తడికి పైకి పోయే దారి ఉండదు. అది కిందికి దిగి టేకు దూలం గోడలో కూర్చున్న చివరను నానబెడుతుంది, గర్డరును తుప్పు పట్టిస్తుంది. పాత ఇంటి మీద డెక్ వేసుకున్న కొన్నేళ్లకు దూలాలు ఒరిగితే వయసైపోయిందని సరిపెట్టుకుంటాం గాని, చాలాసార్లు తప్పు వయసుది కాదు, పైన బిగించిన మూతది.

బరువు

కాంక్రీటు స్లాబు దగ్గరికి వస్తే మొదటి ప్రశ్న బరువు గురించే. ఇళ్ల మీద పడే బరువులకు మన దేశంలో ఆధారం ఐఎస్ 875 ప్రమాణం రెండవ భాగం. మనుషులు ఎక్కి తిరిగే చదును కప్పుకు చదరపు మీటరుకు 1.5 కిలోన్యూటన్లు, అంటే సుమారు 150 కిలోలు లెక్కగట్టాలని అది చెబుతుంది. మరమ్మతుకు తప్ప ఎవరూ ఎక్కని కప్పుకు అందులో సగం చాలు. ఇంట్లో గదికి 200 కిలోలు. కదిలే కుర్చీలు వేసి జనాన్ని కూర్చోబెట్టే సభాస్థలానికైతే 500 కిలోలు. ఈ అంకెల మధ్య దూరంలోనే డెక్ సమస్య ఉంది. కట్టిన రోజున ఇంజనీరు వడియాలు ఎండబెట్టుకునే డాబా అనుకుని లెక్క వేశాడు. ఇంటివారు ఇప్పుడు దాని మీద పుట్టినరోజు పండగలు జరపాలనుకుంటున్నారు.

20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు ఉన్న డాబానే తీసుకుందాం. దాని వైశాల్యం దాదాపు 56 చదరపు మీటర్లు. 5 అంగుళాల మందం స్లాబు సొంత బరువే 17 టన్నులకు పైగా ఉంటుంది. దాని మీద రెండంగుళాల సిమెంటు మాలు పరిచి టైల్సు అంటిస్తే చదరపు మీటరుకు సుమారు 130 కిలోలు, మొత్తం మీద 7 టన్నులు అదనంగా పడతాయి. మనిషి ఒక్కడూ ఎక్కకముందే స్లాబు తన బరువులో ఐదింట రెండు వంతులు కొత్తగా మోస్తున్నట్టు లెక్క. జనం వస్తారు, పోతారు. ఈ 7 టన్నులు మాత్రం రాత్రింబవళ్లు అక్కడే ఉంటాయి. ఏళ్ల తరబడి ఆగని బరువు కింద కాంక్రీటు మెల్లమెల్లగా వంగుతుంది, వంగిన చోట నీరు నిలుస్తుంది. అంతకుముందే కారుతోందని వేసిన ఇటుక ముక్కల కాంక్రీటు పొర 4 అంగుళాలు ఉంటే అది చదరపు మీటరుకు మరో 180 నుంచి 200 కిలోలు. చాలా ఇళ్లలో పాత పొర తీయకుండానే దాని మీద కొత్త పొర వేస్తారు. ఇంటి చరిత్రంతా స్లాబు నెత్తిమీద పేరుకుపోతుంది.

మొక్కలు, నీళ్ల ట్యాంకు ఈ లెక్కను ఇంకా మారుస్తాయి. తడిసిన మట్టి ఘనపు మీటరుకు 1,800 నుంచి 2,000 కిలోలు తూగుతుంది. అడుగు లోతు మట్టి నింపిన మడి చదరపు మీటరుకు 550 కిలోలకు పైనే. కొబ్బరిపొట్టు, కంపోస్టు కలిపిన మిశ్రమం దీనికన్నా బాగా తేలిక కాబట్టి మిద్దెతోటలు పెంచేవారు దాన్నే ఎంచుకోవడంలో అర్థముంది. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే ఒక టన్ను, అదీ దాదాపు ఒక్క చదరపు మీటరు జాగాలో. అది గది నడిమధ్యన స్లాబు మీద కూర్చోవడానికీ, కింద పిల్లరో గోడో ఉన్న చోట కూర్చోవడానికీ మధ్య తేడా ఇంటి ఆయుష్షును నిర్ణయించేంతటిది. బరువైనవన్నీ పిల్లర్లు, బీములు, గోడల వరస మీదికి జరపడం, నడిమి జాగాను మనుషులకు వదలడం డెక్ రూపకల్పనలో మొదటి మర్యాద.

సగటు లెక్క ఇక్కడ మోసం చేస్తుంది. మన 600 చదరపు అడుగుల డాబా మీద నలభై మంది పెద్దవాళ్లు ఎక్కినా పరుచుకుని నిలబడితే చదరపు మీటరుకు 45 కిలోలు కూడా రావు. అయితే గాలిపటం తెగినప్పుడు గాని, వీధిలో ఊరేగింపు పోతున్నప్పుడు గాని జనం పరుచుకుని నిలబడరు, అందరూ ఒక పిట్టగోడ దగ్గరికి ఎగబడతారు. చదరపు మీటరులో నలుగురు ఇరుక్కుంటే 240 కిలోలు. ఆ అంచు గోడ దాటి బయటికి పొడుచుకొచ్చిన పోర్టికో కప్పో బాల్కనీ కప్పో అయితే ప్రమాదం మరో రకంగా ఉంటుంది. గది స్లాబులో బరువు మోసే చువ్వలు అడుగున ఉంటాయి. గోడ దాటి వేలాడే భాగంలో అవి పైభాగాన ఉంటాయి, ఎందుకంటే అక్కడ సాగేది పైభాగమే. స్లాబు పోసేటప్పుడు కూలీల కాళ్ల కింద పడి ఆ చువ్వలు కుంగిపోతే ఆ భాగం పుట్టుకతోనే బలహీనం. తర్వాత ఎవరో డెక్ స్తంభం బిగించడానికి సరిగ్గా అక్కడే పైనుంచి డ్రిల్లు దించితే, లేదా పాత పొర చెక్కేటప్పుడు ఉలి ఆ చువ్వను నరికితే, మిగిలిన కాస్త బలమూ పోతుంది. డెక్‌కు గాని, రెయిలింగుకు గాని స్లాబు పైముఖాన్ని తొలవకుండా ఉండటం కప్పును కప్పుగా ఉంచడంలో భాగమే.

పాత స్లాబు బలం అనుమానంగా ఉంటే తెలుసుకునే దారులున్నాయి. సుత్తి దెబ్బకు కాంక్రీటు ఎంత ఎగదన్నుతుందో చూసే పరీక్ష, శబ్ద తరంగాల పరీక్ష, చిన్న కాంక్రీటు దిమ్మెను కోసి తీసి నలిపి చూసే పరీక్ష వాడుకలో ఉన్నాయి. అన్నిటికన్నా సూటిగా చెప్పేది ఐఎస్ 456 ప్రమాణంలోని బరువు పరీక్ష. రావలసిన బరువుకు 1.25 రెట్లు స్లాబు మీద 24 గంటలు ఉంచి, తీసేశాక మరో 24 గంటల్లో వంగిన దానిలో కనీసం 75 శాతం తిరిగి లేచిందో లేదో కొలుస్తారు. లేవకపోతే పరీక్ష మళ్లీ చేయాలి. మామూలు ఇంటికి ఇంత తతంగం అక్కర్లేకపోవచ్చు. కనీసం సీలింగు కేసి ఒకసారి తలెత్తి చూడటం ఎవరికైనా సాధ్యమే. పెచ్చులు ఊడిన చోట, తుప్పు మరక గీతలా సాగిన చోట, చెమ్మ వలయాలు కట్టిన చోట, పైన డెక్ వేయడం రోగాన్ని దుప్పటి కింద దాచడమే.

నీరు

కప్పు కూలిందంటే మనకు బరువే గుర్తుకొస్తుంది. కప్పులను ఎక్కువగా చెరిచేది మాత్రం నీరు. అమెరికాలో జరిగిన రెండు ప్రమాదాలను పక్కపక్కన పెట్టి చూస్తే సంగతి తేటపడుతుంది. 2003 జూన్ 29న షికాగోలోని లింకన్ పార్క్ ప్రాంతంలో జనంతో కిక్కిరిసిన చెక్క వసారాలు అంతస్తు మీద అంతస్తుగా కూలి 13 మంది చనిపోయారు. 2015 జూన్ 16న కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో ఒక బాల్కనీ విరిగి ఆరుగురు యువతీయువకులు మరణించారు. షికాగోలో జనం బరువు కళ్లముందు ఉంది. బర్క్‌లీ కట్టడం 2007 నాటిదే, అప్పటికి నిండా పదేళ్లు లేవు. బాల్కనీ నేల కింద మూసుకుపోయిన చెక్క దూలాలు లోపలికి చేరిన తడికి కుళ్లిపోయాయి. పైన నడిచేవారికి నేల చక్కగానే కనిపించింది. చెక్కలో తేమ 20 శాతం దాటి అలాగే నిలిచిపోతే శిలీంధ్రాలు దాన్ని తినడం మొదలుపెడతాయి. తర్వాత 2018లో కాలిఫోర్నియా మూడు, అంతకు మించి ఇళ్లున్న అద్దె భవనాల్లో బాల్కనీలు, డెక్కుల వంటి భాగాలను నిర్ణీత కాలానికి ఒకసారి తనిఖీ చేయాలని చట్టం తెచ్చింది. ఆ చట్టానికి మూలం, దాచిన దాన్ని తెరిచి చూడాలన్న ఎరుకే. అమెరికాలో స్థిరపడ్డ తెలుగువారిలో ఎక్కువమంది ఇళ్లు చెక్క చట్రంతో కట్టినవే కాబట్టి ఇది వారికి మరీ దగ్గరి విషయం.

చెక్కకు కుళ్లు ఎలాగో కాంక్రీటుకు తుప్పు అలాగ. చువ్వ తుప్పు పట్టినప్పుడు దాని పరిమాణం రెండు మూడు రెట్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పెరుగుతుంది. లోపలినుంచి అలా ఉబ్బే ఇనుము పైకప్పిన కాంక్రీటును పగలగొడుతుంది. పెచ్చులు ఊడటమంటే అదే. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలి దీనికి తోడవుతుంది. ఇక మన ఊళ్లలో సగం డాబాల మీద కనిపించే దృశ్యం ఒకటుంది: రేపు పై అంతస్తు వేస్తామని మూలమూలకూ పైకి వదిలేసిన పిల్లరు చువ్వలు. పదేళ్లు గడుస్తాయి, పై అంతస్తు రాదు. చువ్వలు ఎర్రగా చితికి, వాటి మొదట్లో వాన తడి పిల్లరు గుండెలోకి దిగుతుంటుంది. డెక్ వేసేటప్పుడు ఈ చువ్వల చుట్టూ అందంగా పెట్టె కట్టి దాచేయడం పరిపాటి. దాచడానికి ముందు వాటిని శుభ్రంగా గీకి, తుప్పును ఆపే పూత వేసి, సిమెంటుతో మూసి, పైన నీరు జారేలా వాటం ఇవ్వకపోతే, మళ్లీ చూసేటప్పటికి పిల్లరే పగిలి ఉంటుంది.

నీటి లెక్క కూడా వేసుకోవాలి. 2000 ఆగస్టు 24న హైదరాబాద్‌లో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన పడింది. మన 56 చదరపు మీటర్ల డాబా మీద అది 13 వేల లీటర్లకు పైమాటే. తూముకు ఆకులు అడ్డం పడి పది సెంటీమీటర్ల నీరు నిలిచిపోతే చదరపు మీటరుకు 100 కిలోలు, మొత్తం ఐదున్నర టన్నులు. గంటకు 100 మిల్లీమీటర్ల జోరు వానలో ఒక 4 అంగుళాల గొట్టం దాదాపు 40 చదరపు మీటర్ల కప్పు నీటిని మాత్రమే దించగలదు. కాబట్టి ఇంత డాబాకు రెండు గొట్టాలు ఉండాలి, అవి మూసుకుపోతే పిట్టగోడలోంచి నీరు బయటికి దూకేలా మరో రంధ్రం పైన ఉండాలి. స్లాబుకు పది అడుగులకు అంగుళం, అంగుళంన్నర వాటం ఉండాలి. ఆ వాటం కప్పుకే ఉండాలి. డెక్ మాత్రం సమతలంగా, కింద ఎత్తు సర్దుకునే కాళ్ల మీద నిలబడవచ్చు. వాన పలకల సందుల్లోంచి కిందికి దిగి, కప్పు వాటం వెంబడి తూముకు చేరుతుంది. నేలకూ కప్పుకూ పని పంచిన ఈ ఏర్పాటులో ఏదీ రెండోదాని పనికి అడ్డురాదు.

అంటించిన టైల్సు దీనికి పూర్తిగా వ్యతిరేకం. పగలు కాగి రాత్రి చల్లబడే స్లాబు ఊరుకోదు. 9 మీటర్ల పొడవు కాంక్రీటు 30 డిగ్రీల తేడాకు దాదాపు 3 మిల్లీమీటర్లు సాగి ముడుచుకుంటుంది. టైలు, మాలు, కాంక్రీటు మూడూ ఒకే లెక్కన సాగవు. ఎక్కడో ఒక సందు విడుతుంది. పిట్టగోడ స్లాబును కలిసే మూల అందుకు మొదటి చోటు, అందుకే అక్కడ సిమెంటుతో గుండ్రంగా అంచు తీర్చి, వాటర్‌ప్రూఫ్ పూతను గోడ మీదికి జానెడెత్తు ఎక్కించాలి. సందులో దిగిన నీరు మాలు పొరలో అడ్డంగా ప్రయాణించి, ఎక్కడో దూరాన, ఏ పడకగది మూలలోనో మరకై తేలుతుంది. మరక ఉన్న చోట పైన తవ్వితే పగులు కనబడదు. పగులున్న చోట కింద మరక కనబడదు. చివరికి మొత్తం టైల్సు పగలగొట్టి మళ్లీ మొదటికి రావాలి. వదులుగా కూర్చోబెట్టిన డెక్ కిందనైతే అనుమానం వచ్చిన రోజునే నాలుగు పలకలు ఎత్తి చూడవచ్చు.

అంచు, గాలి, ఎండ

డెక్ వేయడం వల్ల పిట్టగోడ పొట్టిదైపోతుంది. ఇది అందరి కళ్లముందే జరుగుతుంది, ఎవరూ గమనించరు. గోడ ఎత్తు నేల నుంచి కనీసం ఒక మీటరు, అంటే 3 అడుగుల 3 అంగుళాలు ఉండాలి. పాత గోడ 3 అడుగులే ఉండి, డెక్ 6 అంగుళాలు పైకి వస్తే మిగిలేది రెండున్నర అడుగులు, పెద్దవాడి తొడల దాకా. పక్కన బల్లో మొక్కల తొట్టో పెడితే పిల్లలకు అది మెట్టు. రెయిలింగు చేర్చడమే దీనికి విరుగుడు, దాని ఊచల మధ్య సందు 4 అంగుళాలు దాటకూడదు, అడ్డ ఊచలు నిచ్చెనలా ఉండకూడదు. మెట్ల గది గడపదీ ఇదే కథ. గడప స్లాబు మీద నుంచి ఆరంగుళాలు ఉందని ధీమాగా ఉంటాం. డెక్ దాని సమానానికి వచ్చాక, తూము మూసుకున్న మొదటి వానకే నీరు మెట్ల మీదుగా ఇంట్లోకి నడిచి వస్తుంది.

పైన పందిరి వేస్తే లెక్క తలకిందులవుతుంది. ప్రమాణాల ప్రకారం విశాఖపట్నంలో గాలి వేగం సెకనుకు 50 మీటర్లుగా తీసుకోవాలి. ఆ వేగంలో గాలి ఒత్తిడి చదరపు మీటరుకు దాదాపు 150 కిలోల బరువుకు సమానం. డాబా మీద మనుషులకు లెక్కగట్టిన 150 కిలోలను ఇక్కడ గుర్తుచేసుకోవాలి. మనుషుల బరువు కిందికి తొక్కుతుంది, తుపాను గాలి రేకులను పైకి పెరుకుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు కప్పులమీది రేకులు ఎలా లేచిపోయాయో ఆ ఊరికి తెలుసు. తేలికపాటి పలకలనూ ఇదే దృష్టితో చూడాలి: చేత్తో ఎత్తగలిగేలా ఉండాలి, గాలికి లేవకుండా కింది చట్రానికి కొక్కేలతో పట్టి ఉండాలి.

ఎండ విషయంలో డెక్ మేలు చేస్తుంది గాని అది రంగును బట్టి ఉంటుంది. స్లాబుకూ పలకలకూ మధ్య గాలి ఆడితే స్లాబు నీడలో ఉంటుంది, కింది గది చల్లబడుతుంది. ముదురు రంగు పలకలు మధ్యాహ్నం కాళ్లు పెట్టలేనంతగా కాగుతాయి. కృత్రిమ పచ్చిక ఇంకా కాగుతుంది. తెలంగాణ 2023లో తెచ్చిన చల్లని కప్పుల విధానం ఎండను తిప్పికొట్టే తెల్లని కప్పులను ప్రోత్సహిస్తుంది. 600 చదరపు గజాలు, అంతకు మించిన జాగాలో కట్టే కొత్త ఇళ్లకు వాటిని తప్పనిసరి చేసింది. తెల్ల పూత వేసిన కప్పు మీద నల్లటి డెక్ పరిస్తే ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో తీసుకున్నట్టే.

హక్కులు, అనుమతులు

సొంత ఇంటి డాబా మీద విడి పలకలు పరుచుకోవడం వేరు, రేకుల షెడ్డో గదో లేపడం వేరు. రెండోది కట్టడం కిందికి వస్తుంది. తెలంగాణలో 2012 నాటి, ఆంధ్రప్రదేశ్‌లో 2017 నాటి భవన నిర్మాణ నియమాల ప్రకారం ఎత్తు, చుట్టూ వదలవలసిన జాగా లెక్కలు దానికి వర్తిస్తాయి. అపార్టుమెంటులో డాబా అసలు ఒకరిది కాదు. 1987 నాటి ఆంధ్రప్రదేశ్ అపార్టుమెంట్ల చట్టం కప్పును ఉమ్మడి భాగాల్లో చేర్చింది. 2016 నాటి కేంద్ర రియల్ ఎస్టేట్ చట్టం కూడా టెర్రస్‌లను ఉమ్మడి స్థలాల్లోనే లెక్కపెట్టింది. పై అంతస్తు వాళ్లు తమ నెత్తిమీది జాగా తమదే అనుకుని డెక్ వేసుకుంటే హక్కు తగవు ఒకటి, కారినప్పుడు మరమ్మతుకు అడ్డు పడే తగవు మరొకటి. ఉమ్మడి కప్పు మీద వేసే ఏ నేల అయినా సంఘం అనుమతితో, ఎప్పుడైనా తీయగలిగేదిగా ఉండాలన్నది న్యాయం కూడా, ఇంజనీరింగు కూడా.

అభ్యంతరాలు

ఈ వాదనకు ఎదురు చెప్పేవారి మాటల్లో పస ఉన్నవి కొన్ని ఉన్నాయి. మా పునాదులు మరో అంతస్తుకు సరిపడా వేశారు, ఒక డెక్‌కు భయమెందుకు అన్నది మొదటిది. పునాది, పిల్లర్లు నిజంగా అలా వేసి ఉంటే పెద్ద ధైర్యమే. అయితే పునాది బలం పిల్లరు ద్వారా దిగే బరువుకు సంబంధించినది, గది నడిమధ్య స్లాబు వంగడానికి అది జవాబు చెప్పదు. పునాది ఎంత గట్టిదైనా తూములో ఆకును తీయదు. రెండోది, ఇన్నేళ్లుగా డాబాల మీద పెళ్లి వంటలు వండారు, ఏమీ కాలేదు అన్నది. నిజమే, మంచి మేస్త్రీ పోసిన స్లాబులు లెక్కకు మించి మోస్తాయి. ఆ పెళ్లి ఒక రోజుది, మర్నాడు డాబా కడిగి ఆరబెట్టారు. డెక్ బరువు ఆగని బరువు, దాని కింద తడి ఆరని తడి. పోలిక అక్కడే తెగిపోతుంది.

మూడోది కొత్త రసాయనాల మీద నమ్మకం. నేటి పాలిమర్ పూతలు, పొరలు నిజంగా మంచివి, పాత తారు పూతతో పోలిస్తే ఎంతో మేలు. వాటికి పరమ శత్రువు ఎండ, రెండో శత్రువు మేకు. వదులుగా పరిచిన డెక్ ఆ పొరకు ఎండ తగలనివ్వదు, దాని ఆయుష్షు పెంచుతుంది. మేకులు దిగగొట్టిన డెక్ అదే పొరను జల్లెడ చేస్తుంది. రసాయనం మంచిదన్న మాట మన సూత్రాన్ని బలపరుస్తుందే తప్ప కొట్టివేయదు. నాలుగోది అన్నిటికన్నా గట్టిది: ఎత్తి చూడగల డెక్‌కు ఖర్చెక్కువ, నడిస్తే చప్పుడు, కింద చెత్త చేరుతుంది, ఎలుకలు, దోమలు చేరతాయి. ఇందులో అబద్ధం లేదు. వాటం సరిగా లేని కప్పు మీద ఖాళీ జాగా వదిలితే నిలిచిన నీటిలో డెంగీ దోమ పెరుగుతుంది. అంచుల్లో జల్లెడ బిగించినా ఏడాదికి రెండుసార్లు ఊడ్చక తప్పదు. ఊడ్చే ఓపిక ఏమాత్రం లేనివారికి నిజాయితీగా ఇవ్వదగిన సలహా ఒకటుంది: డెక్ వద్దు, ఉత్త డాబా మీద నీరు దిగని పూత, తెల్ల పూత వేసి, రెండు మంచాలు, నాలుగు కుర్చీలు వేసుకోండి. ఖర్చు మాటకు వస్తే, అంటించిన నేల మొదట చవక, కారిన రోజున పగలగొట్టే కూలీ, మోసే కూలీ, మళ్లీ వేసే కూలీ కలిపితే చవక కాదు.

పని వరస

కాబట్టి పని కిందినుంచి పైకి సాగాలి. ముందు సీలింగు, బీములు, పిల్లర్లు చూసి బరువు లెక్క కట్టాలి. పేరుకున్న పాత పొరల్లో పట్టు వదిలినవి తీసేయాలి. వాటం సరిచేయాలి, తూములు పెద్దవి చేయాలి. వాటర్‌ప్రూఫ్ పొర వేసి, తూములు మూసి, రెండంగుళాల నీరు కట్టి కనీసం 48 గంటలు ఉంచి, కింద గదుల్లో చెమ్మ పొడచూపుతుందేమో చూడాలి. ఈ నీటి పరీక్ష దాటకుండా ఒక్క పలక కూడా పైకి ఎక్కకూడదు. ఆ తర్వాతే కాళ్లు, చట్రం, పలకలు, రెయిలింగు. చిట్టచివరి పని చాలా చిన్నది, చాలామంది మరచిపోయేది: ప్రతి తూము ఎదుట ఉన్న పలకను మిగతా వాటితో కలిపి బిగించకుండా, వేలు దూరేంత రంధ్రం పెట్టి విడిగా ఉంచడం. తొలకరికి ముందు సీమలో మిద్దె ఎక్కి చవుడు చల్లినట్టే, ఇక్కడ ఆ పలక ఎత్తి గుప్పెడు ఆకులు తీసి పారేయాలి. ఆ గుప్పెడు ఆకులు తీయడానికి దారి వదిలిన డెక్ కింద ఇల్లు పొడిగా ఉంటుంది.